వేళ్ళకు తెలిసిన పెట్టె

అమ్మకు ఓ కుట్టుపెట్టె ఉంది. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది... బిస్కెట్ల డబ్బానో, మిఠాయి డబ్బానో! మాది మాత్రం అట్టపెట్టె. మా ముస్తాబాద్‌కు దగ్గర్లోని సిరిసిల్లలో ఎటు చూసినా మరమగ్గాలే. నూలు కోన్లు వచ్చిన ఖాళీ పెట్టెను నా చిన్నప్పుడు నాన్న అక్కడి నుంచే తెచ్చాడు. అమ్మ దానికి గుడ్డ ముక్కలు అతికించి సూదులు, గుండీలు, దారపు రీళ్ళు సర్దుకుంది. పగలంతా బీడీలు చుట్టేది. రాత్రయితే ఆ పెట్టె ముందేసుకుని జాకెట్లకు హుక్కులు కుట్టేది.

పోయిన దసరాకు వెళ్ళేసరికి పెట్టె మూలలు చిరిగి, అడుగు ఊడిపోయి ఉంది. అమ్మ చూపూ తగ్గింది. నీటికాసుల జబ్బు. ఇందులో చూపు సాధారణంగా అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు వేసుకుంటూ ఉన్నదాన్ని కాపాడుకోవడమే.

'కొత్త పెట్టె నేను చేసిస్తానమ్మా' అన్నాను. చేతిపనుల మీద పేజీలకు పేజీలు రాసినదాన్ని కదా, ఆ మాత్రం ధీమా!

నిజానికి అట్టపెట్టె చేయడం కష్టమేం కాదు. అట్ట మధ్యలో ముడతల కాగితం ఉంటుంది. 1871లో న్యూయార్క్‌కు చెందిన ఆల్బర్ట్ జోన్స్ సీసాలు పగలకుండా చుట్టేందుకు పేటెంటు తీసుకున్న కాగితం ఇలాంటిదే. ఆ ముడతల గాడులు నిలువుగా వచ్చేలా కోస్తే పక్కలు గట్టిగా నిలబడతాయి. గిన్నెడు మైదాకు అయిదు గిన్నెల నీళ్ళు పోసి, సన్నని సెగ మీద ఉండలు కట్టకుండా కలిపితే లై సిద్ధం. పురుగు పట్టకుండా బైండింగ్ చేసేవాళ్ళు ఇందులో కాస్త మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఒకవైపే కాగితం అతికిస్తే ఆరాక అట్ట వంగిపోతుంది. లోపలా బయటా అతికించి, బరువు పెట్టి నీడలో ఆరనివ్వాలి.

రెండు రోజుల్లో పెట్టె తయారైంది. బయట చీర జరీ అంచు. లోపల ఎనిమిది అరలు, అన్నిటికీ ఒకే గులాబీ రంగు కాగితం. ఎంత ముద్దొచ్చిందో! అమ్మ తడిమి చూసి 'మస్తుగున్నది' అంది.

మర్నాడు చూస్తే ఆమె ఒళ్ళో మళ్ళీ ఆ చిరిగిన పెట్టే! 'కొత్తది నచ్చలేదా?' అన్నాను, కాస్త కోపంగానే.

'మంచిగనే ఉన్నది బిడ్డా. కని అర్రలన్నీ ఒక్క తీర్గ ఉన్నయి. ఏది ఏందో నాకు ఎర్కైతలేదు.'

అప్పుడు పాత పెట్టెలోకి చెయ్యి పెట్టి చూశాను. సూదుల అరకు మఖ్మల్ గుడ్డ. గుండీల అరకు గోనెసంచి ముక్క. హుక్కుల దగ్గర గరుకు జరీ. చేతికి దొరికిన ముక్కలేవో అతికించిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చూపు తగ్గుతున్న కొద్దీ ఒక్కొక్కటే మార్చుకుందట. నెలకోసారి వచ్చి వెళ్తున్నా నేనది గమనించనే లేదు. నాకు నోట మాట రాలేదు.

గులాబీ కాగితం పీకేశాం. ఈసారి అమ్మ చెప్పింది, నేను చేశాను. మఖ్మల్, గోనె, నున్నటి శాటిన్, పాత బొంత ముక్క. ఒక్కో అరకు ఒక్కో గుడ్డ. దారపు రీళ్ళు దొర్లకుండా నూలు చుట్టిన ఖాళీ కాగితపు కోన్లను అడ్డంగా కోసి నిలబెట్టాం. హుక్కులకు అగ్గిపెట్టె అడిగింది. 'చిన్నది కదమ్మా' అన్నాను.

'సిరిసిల్లోళ్ళు అగ్గిపెట్టెల చీరనే పట్టిచ్చిండ్రు, నా హుక్కులు పట్టయా?'

అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన సిరిసిల్ల నేతన్న నల్ల పరంధాములును తలచుకుని ఇద్దరం నవ్వుకున్నాం.

తునికాకులో పొగాకు నింపి, చుట్టి, దారం కట్టే పని ఏళ్ళ తరబడి చేసిన వేళ్ళవి. ఒక్కసారి అరలన్నీ తడిమాయి, అంతే. 'గుండీలు?' అంటే గుండీలు తీసింది. 'హుక్కులు?' అంటే హుక్కులు.

జరీ అంచు తీసేయనా అని అడిగితే ఒప్పుకోలేదు. 'ఉండనియ్యి, వచ్చేటోళ్ళు చూస్తరు' అంది.

వచ్చేముందు పది సూదులకు దారం ఎక్కించి మఖ్మల్ అరలో గుచ్చి వచ్చాను. మొన్న రాత్రి ఫోన్ చేస్తే ఊళ్ళో కరెంటు లేదంది. 'చీకట్లో ఏం చేస్తున్నావమ్మా?' అన్నాను కంగారుగా.

'మీ నాయిన అంగీకి గుండీ కుడుతున్న. నాకు కరెంటుతోని ఏం పని?'