మెయిన్‌ల్యాండోళ్లు

అండమాన్ దీవుల్లో మేం పెరిగిన పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో, సముద్రం అవతలి భారతదేశాన్ని మెయిన్‌ల్యాండ్ అనేవాళ్లం. అక్కణ్ణుంచి వచ్చినవాడు మెయిన్‌ల్యాండోడు. ఎనభైల్లో పిల్లలమైన మాకు ఆ మాటంటే సోకు, అంతే. విశాఖ నుంచి హర్షవర్ధన ఓడ హడ్డో రేవుకొచ్చిందంటే చూడ్డానికి పరిగెత్తేవాళ్లం. మూడు రోజులు సముద్రం మీద గడిపి అందరూ వడిలిపోయి దిగుతుంటే, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, నలగని చొక్కాతో మెట్లు దిగేవాడు ఒకడైనా ఉండేవాడు. చిరంజీవి క్రాఫు మాకు వాళ్ల తలల మీదే ముందు కనిపించేది. సినిమా ఆ తర్వాతెప్పుడో వచ్చేది. పండక్కి కొత్త బట్టలేసుకుంటే అమ్మ మురిసిపోయి, “ఏట్రా, మెయిన్‌ల్యాండోడిలాగ తయారయ్యేవు?” అనేది.

అదే మాట నాన్న నోట వేరుగా ఉండేది. వేటకు తీసుకెళ్తే పడవలో కుదురుగా నిలవలేనివాడు, ఎండకు సొమ్మసిల్లేవాడు ఆయన లెక్కలో మెయిన్‌ల్యాండోడు. బదిలీ మీద వచ్చిన ఆఫీసర్లనీ అలాగే అనేవాడు, కాకపోతే గొంతు తగ్గించి.

తమాషా ఏమిటంటే ఆయనా శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకొచ్చి ఆ రేవులోనే దిగాడు. 1858లో ఇక్కడ ఖైదీల స్థావరం పెట్టారు. ఆ ఖైదీల సంతతి, అంటే లోకల్ బార్న్ వాళ్ల ముందు, మేమే మెయిన్‌ల్యాండోళ్లం. సోకు లేదు, పేరొక్కటే! ఆ సోకేదో మాకు వేసవి సెలవుల్లో సొంతూళ్లో దక్కేది. “అండమానోళ్లొచ్చేరు” అని వీధంతా మూగేది. నేనూ చెల్లీ హిందీలో తిట్టుకుంటుంటే వినడానికి అరుగుల మీదికి చేరేవారు. మామయ్య మమ్మల్ని కావాలనే రెచ్చగొట్టేవాడు. ఆ నాలుగు వారాలూ మేమే దొరలం.

2004 సునామీ గడిచిన కొన్నేళ్లకు విమానాలు పెరిగాయి, హేవ్‌లాక్ దీవికి సెలవుల జనం పోటెత్తారు. మాట మళ్లీ మారింది. ఇప్పుడు ఆటోస్టాండులో “మెయిన్‌ల్యాండ్ పార్టీ” అంటే బేరం తెలియనివాడని అర్థం. ఒడ్డున పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకునేవాడనీ అర్థమే. ఈ కోపం న్యాయమైనదే అంటాను. అసూయ కాస్త కలిసిందన్నా కాదనను.

విశాఖలో, చెన్నైలో చదువుకుని జుట్టుకు రంగేసుకొచ్చిన మా పిల్లలకూ ఇప్పుడు ఆ పేరే. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారినా ఈ పిలుపు మాత్రం పోలేదు.

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి సుమారు 13 మంది. అయినా మీరెప్పుడైనా వెళ్తే ఆ పిలుపు మీకూ తప్పదు, నొచ్చుకోకండి. జంగ్లీఘాట్ చేపల బజారులో తెలుగులో ధర అడిగి చూడండి. ముందు మీదే ఊరో అడుగుతారు, ధర తర్వాత చెబుతారు.