కిల్డేర్ స్ట్రీట్‌లో ఓడిన మాటలు

డబ్లిన్‌కి చుట్టాలొస్తే మనం తిప్పే చోట్లు దాదాపు అందరికీ ఒకటే. ట్రినిటీ కాలేజీ పాత లైబ్రరీ, గ్రాఫ్టన్ స్ట్రీట్, సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్‌లో బాతులు, ఎండ కాస్తే హౌత్ తీరం. ఆ గ్రీన్ నుంచి నాలుగడుగులు వేస్తే వచ్చే కిల్డేర్ స్ట్రీట్‌లో మాత్రం ఎక్కువమంది ఆగరు. ఒక పక్క నేషనల్ మ్యూజియం, ఇంకో పక్క నేషనల్ లైబ్రరీ, మధ్యలో ఇనుప గేట్ల వెనక బూడిదరంగు రాతి భవనం. అదే లెన్‌స్టర్ హౌస్, ఐర్లాండ్ పార్లమెంటు. ఈసారి మీరొస్తే నేను ముందు చూపించేది దాన్నే.

1745లో కిల్డేర్ ప్రభువు కోసం మొదలుపెట్టిన ఇల్లు ఇది. గీసినవాడు రిచర్డ్ కాసెల్స్. వైట్ హౌస్ గీసిన జేమ్స్ హోబన్ డబ్లిన్‌లో చదువుకున్నవాడే, ఆయనకి ఈ ఇల్లే నమూనా అంటారు. అమెరికాలో ఉన్న మన అక్కచెల్లెళ్ళు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి, పోలిక మీకే తెలుస్తుంది. 1815లో రాయల్ డబ్లిన్ సొసైటీ కొనుక్కుంది. దేశం వేరుపడ్డాక 1922లో పార్లమెంటు ఇక్కడికి చేరింది.

లోపల రెండు సభలు. మన లోక్‌సభ లాంటిది డాయిల్. పై సభ పేరు షానద్. అది కూర్చునేది దొరలు ఒకప్పుడు విందులకీ నాట్యాలకీ వాడుకున్న హాల్లో. పైకప్పు నిండా సున్నపు నగిషీ, కింద గుర్రపు నాడా ఆకారంలో కుర్చీలు. చట్టాలు చేసే చోటంటే నేను ఊహించుకున్న దానికంటే చాలా చిన్న గది. 2017 నుంచి 2019 దాకా భవనానికి మరమ్మతులు జరిగినప్పుడు ఈ సభ పక్కనున్న మ్యూజియంలోకి మారి అక్కడే నడిచింది.

సభ్యులు 60 మంది. 43 మందిని వృత్తుల వారీ జాబితాల నుంచి ఎన్నుకుంటారు, 11 మందిని ప్రధాని నియమిస్తారు, ఆరుగురు విశ్వవిద్యాలయాల పట్టభద్రులు పంపేవాళ్ళు. ఇది చదివినప్పుడు నాకు ఊరు గుర్తొచ్చింది. నా బీయస్సీ అయ్యాక పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు నమోదు చేయించుకోమని నాన్నగారు వెంటపడేవారు. మనకి శాసనమండలి ఉన్నట్టే వీళ్ళకి షానద్ అనుకోండి. రాజ్యసభకి రాష్ట్రపతి 12 మందిని నియమించే పద్ధతి కూడా మన రాజ్యాంగం ఐర్లాండ్ నుంచి తెచ్చుకున్నదే.

ఈ సభకి అధికారం తక్కువ. డాయిల్ పంపిన మామూలు బిల్లుని 90 రోజులు ఆపగలదు, అంతే. డబ్బు బిల్లయితే 21 రోజుల్లో సలహా చెప్పి ఊరుకోవాలి. ఇదెందుకు దండగ అని 2013 అక్టోబరులో రద్దు చేయడానికి ప్రజల ఓటే పెట్టారు. 51.7 శాతం మంది వద్దన్నారు కాబట్టి బతికింది. ఆంధ్రలో మండలిని ఒకసారి తీసేసి, మళ్ళీ తెచ్చి, మళ్ళీ తీసేద్దామనుకున్న కథ తెలిసినవాళ్ళకి ఇదేమీ కొత్తగా అనిపించదు.

అధికారం లేని సభలో మాట్లాడి ఏం లాభం? ఆ ప్రశ్నకి నాకు జవాబు చెప్పింది మేరీ రాబిన్సన్. 1990లో ఐర్లాండ్‌కి మొదటి మహిళా అధ్యక్షురాలైన ఆవిడ పేరు చాలామందికి తెలుసు. అంతకు ముందు ఇరవై ఏళ్ళు ఆవిడ ఈ చిన్న గదిలో సెనేటర్ అన్న సంగతి తక్కువమందికి తెలుసు. మేయో కౌంటీలో బలీనా ఊరు, అమ్మా నాన్నా ఇద్దరూ డాక్టర్లు, నలుగురు అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. 1969లో ట్రినిటీ పట్టభద్రుల సీటు గెలిచేటప్పటికి ఆవిడ వయసు 25.

అప్పటికి ఐర్లాండ్‌లో 1935 నాటి చట్టం ఒకటి నడుస్తోంది. గర్భనిరోధక సాధనాలు అమ్మడం నేరం, అమ్మకానికి విదేశాల నుంచి తేవడం నేరం. మాత్రలు మాత్రం డాక్టర్లు రాసేవారు, కాకపోతే నెలసరిని సరిచేసే మందు అనే పేరుతో. కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని, నాకు ఇది చదివి నవ్వూ కోపమూ కలిసొచ్చాయి. మందు ఒకటే, రసాయనం ఒకటే. పేరు మారిస్తే నేరం కాదు!

1971లో రాబిన్సన్ ఇంకో ఇద్దరు సెనేటర్లతో కలిసి ఆ చట్టాన్ని సవరించే బిల్లు పెట్టారు. ఇక్కడ ప్రభుత్వానిది కాని బిల్లుని అచ్చు వేయడానికి కూడా ముందు సభ ఒప్పుకోవాలి. మామూలుగా కాదనరు, చర్చలో ఓడిస్తారు. దీన్ని మాత్రం ఆ మొదటి గడప దగ్గరే ఆపేశారు. ఆ జూలైలో ఓటింగు జరిగితే వద్దన్నవాళ్ళు 25, సరేనన్నవాళ్ళు 14. బిల్లులో ఏముందో జనం చదవడానికి కాగితం కూడా బయటికి రాలేదు. ఆవిడకి ఇంటికి తిట్ల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. చర్చిల్లో ఆవిడకి వ్యతిరేకంగా మాట్లాడారు.

అదే ఏడాది మే నెలలో నలభై మందికి పైగా ఆడవాళ్ళు డబ్లిన్‌లో రైలెక్కి బెల్‌ఫాస్ట్ వెళ్ళి, అక్కడ కొన్న సాధనాలు చేత్తో పైకెత్తి చూపిస్తూ కస్టమ్స్ వాళ్ళ ముందే తిరిగొచ్చారు. వాళ్ళు రైల్వే స్టేషన్‌లో అరిచి చెప్పినదాన్నే రాబిన్సన్ సభలో చట్టం భాషలో చెప్పారు. 1974లో ఆవిడ బిల్లు చర్చ దాకా వచ్చింది, మళ్ళీ ఓడింది. 1979లో ప్రభుత్వమే ఒక చట్టం తెచ్చింది, డాక్టర్ చీటీ ఉంటే అమ్మవచ్చని. 1985లో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకి కండోమ్‌లకి ఆ చీటీ అక్కర్లేదన్నారు. ఓడిపోయిన బిల్లు పద్నాలుగేళ్ళు తిరిగి తిరిగి ఇంటికొచ్చిందన్నమాట.

ఇది చదువుతుంటే మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. అక్కడ ఆ రోజుల్లో గోడల మీద ఎర్ర త్రికోణం బొమ్మలు ఉండేవట. మన ప్రభుత్వం 1952లోనే కుటుంబ నియంత్రణ మొదలుపెట్టింది, నిరోధ్ 1968లో వచ్చింది. అయితే మనమే ముందున్నామా? ఆ తరవాత కొన్నేళ్ళకే ఎమర్జెన్సీలో బలవంతపు ఆపరేషన్లు చేశారు. ఇక్కడ వద్దు అని దాచిపెట్టారు, అక్కడ కావాలి అని మీద పడ్డారు. రెండు చోట్లా ఆడదాన్ని కూర్చోబెట్టి నీకేం కావాలమ్మా అని అడిగినవాళ్ళు తక్కువ. రాబిన్సన్ బిల్లు అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

ఇంకో మాట చెప్పకుండా ఈ భవనం గురించి రాయలేను. 1983లో కడుపులో బిడ్డ ప్రాణానికీ తల్లి ప్రాణానికీ సమాన హక్కు అంటూ రాజ్యాంగానికి ఎనిమిదో సవరణ తెచ్చారు. ఆ వాక్యం ఎంతవరకు వర్తిస్తుందో స్పష్టంగా లేదని, దానిలో దానికే పొంతన కుదరదని రాబిన్సన్ షానద్‌లో వాదించారు. ఆవిడ మాట నెగ్గలేదు, ప్రజలు కూడా సవరణకే ఓటేశారు. 2012 అక్టోబరులో గాల్వేలో సవితా హలప్పనవర్ చనిపోయింది. కర్ణాటక అమ్మాయి, దంతవైద్యురాలు, వయసు 31. గర్భం నిలవదని తెలిసినా, తీసేయమని అడిగినా తీయలేదు, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ పాకింది. 2018 మేలో 66.4 శాతం మంది ఓటేసి ఆ సవరణని తీసేశారు. 1983 నాటి ఆ ప్రసంగం సభ రికార్డులో అలాగే ఉంది. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. నేను చదివాను, చదివాక చాలాసేపు వంట మొదలుపెట్టలేకపోయాను.

నాలాంటి గృహిణికి ఈ సభతో ఏం పని అని మీరు అడగవచ్చు. 1973 దాకా ఇక్కడ ప్రభుత్వోద్యోగం చేసే అమ్మాయి పెళ్ళవగానే రాజీనామా చేయాలి, రూలే అది. ఇల్లు చూసుకునే స్త్రీ దేశానికి చేసే మేలు గురించి 1937 రాజ్యాంగంలో ఒక మాట ఉంది. దాన్ని మారుద్దామని 2024 మార్చిలో ఓటు పెడితే జనం ఒప్పుకోలేదు. నేను మావారి వెనక వచ్చినప్పుడు నా కార్డు మీద స్టాంప్ 3 అని ఉండేది. ఉండవచ్చు, ఉద్యోగం చేయకూడదు. డిగ్రీ సర్టిఫికెట్లు ఫైల్లో ఉండగా రోజంతా కిటికీలోంచి వాన చూడటం ఎలా ఉంటుందో మీలో చాలామందికి వేరే దేశం, వేరే వీసా పేరుతో తెలిసే ఉంటుంది. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళ భార్యాభర్తలకి 2019లో, జనరల్ పర్మిట్ వాళ్ళకి 2024లో ఆ అడ్డు తీశారు. రూల్స్ వాటంతట అవి మారవు. ఎవరో ఒకరు, నెగ్గమని తెలిసినా, లేచి మాట్లాడుతూ ఉండాలి.

ఆ మాట్లాడేవాళ్ళకీ మనకీ మధ్య ఒక సన్నని దారం ఉంది. ఐర్లాండ్‌లో స్థానిక ఎన్నికల్లో ఓటు వేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. ఇక్కడ నివాసం ఉండి పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, స్టాంప్ ఏదైనా సరే. మనం ఎన్నుకున్న ఆ కౌన్సిలర్లే, డాయిల్ సభ్యులతోనూ దిగిపోయే సెనేటర్లతోనూ కలిసి, షానద్‌లో 43 మందిని ఎన్నుకుంటారు. అంటే ఉద్యోగం చేయడానికి పనికిరాదన్న కార్డు చేతిలో ఉన్నా, ఆ నాట్యాల హాల్లో ఎవరు కూర్చోవాలో చెప్పడంలో మనకీ పిసరంత వాటా ఉంది.

లెన్‌స్టర్ హౌస్ చూడటానికి టికెట్ లేదు. ముందుగా బుక్ చేసుకుని, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు పట్టుకెళ్ళండి. పిల్లల్ని పక్క మ్యూజియంలో వైకింగ్ కత్తుల దగ్గరికి మీ వారితో పంపేయండి, అదీ ఉచితమే. ఐర్లాండ్‌లోనే ఉండేవాళ్ళు ఇంటికెళ్ళాక ఓటర్ల జాబితాలో పేరుందో లేదో ఒకసారి చూసుకోండి. లేకపోతే రాయించుకోండి, వచ్చే స్థానిక ఎన్నికలు 2029లో.