అన్నం గదిలో... కూర సందులో!

మధ్యాహ్నం ఒంటిగంట. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి హాస్టళ్ల సందులోకి తిరగండి. తాలింపు వాసనే దారి చూపిస్తుంది. స్టీలు గిన్నెల్లో దొండకాయ వేపుడు, గుత్తివంకాయ, టమాటా పప్పు, గోంగూర, సాంబారు... ఇదే కర్రీ పాయింట్. ఏం కావాలో చెప్పడమే ఆలస్యం, కవర్లో పోసి మూతి బిగించి చేతిలో పెట్టేస్తారు.

2018లో మెట్రో వచ్చాక ఎల్బీనగర్ దాకా మెయిన్‌ రోడ్డు తీరే మారిపోయింది. సందులు మాత్రం ఇంకా కోచింగ్ కుర్రాళ్లవే. గదిలో కుక్కర్ పెట్టి అన్నం ఎలాగో వండుకుంటారు. కూర దగ్గరే చిక్కు. ఆ తరిగే టైంలో ఓ పాఠం పూర్తవుతుంది మరి!

ఇంగ్లిషువాళ్ల చేతుల మీదుగా 19వ శతాబ్దంలో జపాన్ చేరిన మన కూర, అక్కడ 'కరే రైస్' అయింది. టోక్యో ఉద్యోగులు గబగబా తినేసి వెళ్లే మధ్యాహ్న భోజనాల్లో అదొకటి. ఆకలీ, తొందరా ఎక్కడైనా ఒకటే. ఇక్కడ వాటికి ఎదురుచూపు తోడు.

నా ముందున్న కుర్రాడిది దేవరకొండ వైపు. గ్రూప్స్‌కి ఇది మూడో ప్రయత్నం. ఒక్క పప్పు ప్యాకెట్టే కొన్నాడు... ఇద్దరికి, రెండు పూటలకు!

"అమ్మ రోజూ ఫోన్‌ చేసి ఏం తిన్నవని అడుగుతది. రోజుకో కూర పేరు చెప్తా" అన్నాడు నవ్వుతూ.

కొట్టు ఆంటీ విననట్టే ఇంకో గరిటె పప్పు పోసింది. "పోయినేడు నౌకరొచ్చినోళ్లు మిఠాయి తెచ్చిన్రు. నువ్వెప్పుడు తెస్తవు బిడ్డా?"

"ఈసారి పక్కా ఆంటీ!"