మా యింటి చిన్న తుపాకి

కుట్టుపనియు నూరగాయలును ముచ్చటించు నీ పుటలలో తుపాకిని గూర్చి వ్రాయుట మా యత్తగారికి సమ్మతము కాదు. “దీపము పెట్టు చేతికి తుపాకి యేలనమ్మా?” అని యామె ప్రశ్న. అయినను వ్రాయుచున్నాము. టెక్సాసులోని మా యింట, కారుషెడ్డు బల్లమీద, నాలుగేండ్లుగా మేమొక చిన్న రైఫిలును విప్పుచు, మార్చుచు, బిగించుచు నున్నాము.

హైదరాబాదుననే యున్నచో నీ వ్యాసంగమునకు దిగియుండము. అచట 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి తుపాకికి లైసెన్సు కావలయును. అమెరికా ఫెడరలు శాసనము మాత్రము రైఫిలులో రిసీవరు అను నడిమి పెట్టెనే తుపాకిగా నెంచును. బారెలు, కఱ్ఱపిడి మొదలగునవి కుట్టుమిషను సామానువలె కొనితెచ్చుకొనవచ్చును. మేము చేపట్టినది 1964లో వెలువడిన రూగర్ 10/22 రకము. లోపల తూటా లేదని కంటితోను వ్రేలితోను చూచుకొనిన పిదప, రెండు మరలు తీసిన బారెలును, రెండు అడ్డుచీలలు త్రోసిన ట్రిగ్గరు భాగమును చేతికి వచ్చును.

దీని తూటాను రిమ్‌ఫైరు అందురు. ప్రేలుడు మందు అడుగున నడుమ గాక, చుట్టునున్న సన్నని యంచులోపల నుండును. సూది యా యంచును నలుపగానే యంటుకొనును. నలుగుటకై రేకు పలుచగా నుండవలెను గనుక నిందు పెద్ద బలము నింపరాదు. అందుచే చప్పుడు తక్కువ, భుజమునకు పోటు లేదు, వెల చవుక. 2024 పారిస్ ఒలింపిక్సులో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల పోటీలో కాంస్యము గెలిచినది రిమ్‌ఫైరు రైఫిలుతోనే. చిన్నదని యలుసు మాత్రము వలదు. రెండున్నర గ్రాముల యా సీసపు గుండు మైలు దూరము పోగలదు.

కొత్తవారు తఱచు ముందుగా లావు బారెలు కొందురు. మా మతమున ముందు మార్చవలసినది కఱ్ఱపిడి. అంగడి పిడి యాఱడుగుల పురుషుని భుజమునకు కొలిచినట్లుండును. మాకు ట్రిగ్గరు నందుకొనుటకే మెడ సాచవలసి వచ్చెడిది. వాల్‌నట్ పిడి తెచ్చి, వెనుక నంగుళమునకు పైగా కోసి, గరుకుకాగితముతో నునుపుచేసి, అవిసెనూనె ఎనిమిది పూతలు పట్టించితిమి. పూతకు పూతకు నడుమ నొక దినమైన నాఱవలయును. ఆ నూనెగుడ్డలను ఉండచుట్టి మూల పడవేయకుడు. తమంత తామే వేడెక్కి యంటుకొనగలవు. బయట పఱచి యాఱవేయవలయును.

ట్రిగ్గరు విషయమున మావారికిని మాకును వాదము జరిగినది. ఐదాఱు పౌండ్ల బలముతో లాగవలసిన యా మీటను, లోపలి సుత్తిని మార్చి తేలిక చేయవచ్చును. ఒకటిన్నర పౌండునకు దింపుదమని వారనిరి. గుఱి కది మేలే. కాని పన్నెండేండ్ల మా యమ్మాయి దీనితోనే నేర్చుకొనుచున్నది. చలికి మొద్దుబాఱిన వ్రేలికి తెలియకయే ప్రేలు మీట మాకు వలదు. మూడు పౌండ్లకడ నిలిపితిమి.

తూటాలలో ఆఱు రకములు పరీక్షించితిమి. ఒక బారెలునకు నచ్చినది మఱియొకదానికి నచ్చదు. మా దానికి నడితరము వెల గలదే నచ్చినది: 50 గజముల దూరమున ఐదు గుండ్లును రూపాయిబిళ్ళ చాటున నిముడును. సీసము గనుక, చేతులు సబ్బుతో కడుగక వంటింట నడుగిడము.

అత్తగారు వచ్చిన మొదటి వారముననే తాళపుచెవుల మాట యడిగిరి. ఇనుపపెట్టెలో తుపాకి, వేఱొక పెట్టెలో తూటాలు; ఆ రెండవ తాళపుచెవి నాటినుండి యామె బొడ్డుననే యున్నది.

అమ్మాయి చెలికత్తె తల్లి యొకనాడు, ఇంట తుపాకి కలదా యని యడిగినది. కలదని చెప్పి పెట్టెలు చూపితిమి. అయినను బిడ్డను మా యింట నిద్రింప పంపలేదు. ఆమెను తప్పుపట్టము, అడిగినందుకు మెచ్చుకొంటిమి. ఇప్పు డాటలు వారింటనే.

అమ్మాయి యీ యేడు రెండంగుళములు పొడుగెదిగినది. ఎదుగు పిల్ల పరికిణీకి మడతలు వేసి కుట్టినట్లు, కోసిన పిడి వెనుక చేర్చుటకు పావంగుళపు చెక్కలు నాలుగు చేసి యుంచితిమి. గతవారమున మొదటిది బిగించితిమి.