చలివానలో చక్రాల ఇల్లు

జంషెడ్‌పూర్ వాసులకు సంవత్సరంలో అత్యంత ప్రియమైన మాసాలు రెండే. ఒకటి డిసెంబరు, మరొకటి జనవరి. వేసవిలో కొలిమివలె మండే ఈ ఉక్కు నగరం ఆ రెండు నెలలూ పూర్తిగా ముఖం మార్చుకుంటుంది. ఉదయం సువర్ణరేఖ మీద పొగమంచు, మధ్యాహ్నం వీపుకు హాయినిచ్చే ఎండ, రాత్రి పన్నెండు డిగ్రీలకో పదికో దిగిపోయే పాదరసం. ఆదివారం వచ్చిందంటే గిన్నెలు, స్టౌలు, జంపఖానాలు, బాడ్మింటన్ బ్యాట్లు సర్దుకుని ఊరు ఊరంతా బయలుదేరుతుంది. కొందరు పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న దిమ్నా చెరువుకు, కొందరు దల్మా కొండల పాదాలకు, తీరిక లేనివారు కనీసం 1958లో ఉక్కు కంపెనీ స్వర్ణోత్సవ కానుకగా వెలసిన జూబిలీ పార్కుకు. పిక్నిక్ అన్నది ఇక్కడ ఒక ఋతువు పేరు.

ఈ వనభోజనాన్ని నాలుగు రోజులకు పొడిగించి, వంటతోబాటు పడకను కూడా బండిలోనే పెట్టుకుంటే అది చక్రాల ఇంటి ప్రయాణం అవుతుంది. ఆంగ్లంలో దీనిని కారవాన్ అంటారు. అనువాదం వృత్తిగా గల నన్ను ఈ మాట చాలాసార్లు ఇబ్బంది పెట్టింది. పారశీకంలో అది ఎడారులు దాటే వర్తకుల సమూహం. తెలుగులో దానికి 'బిడారు' అన్న మాట స్థిరపడింది. కాని నిఘంటువు తెరిస్తే బిడారు అన్నదానికి విడిది, మజిలీ అన్న అర్థాలు కనిపిస్తాయి. నడిచే గుంపుకు ఆగే చోటి పేరు పెట్టుకున్న జాతి మనది. ఆంగ్లేయులు ఆ మాటను ఇంకో మలుపు తిప్పి గుర్రాలు లాగే ఇంటికి తగిలించారు. డికెన్స్ నవల 'ది ఓల్డ్ క్యూరియాసిటీ షాప్'లో మైనపు బొమ్మల ప్రదర్శన నడిపే మిసెస్ జార్లీ అటువంటి బండిలోనే ఊళ్ళు తిరుగుతుంది. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే మాజీ నౌకాదళ వైద్యుడు కేవలం విహారానికే ఒక బండి చేయించుకుని, రెండు గుర్రాలు పూన్చి, దక్షిణ ఇంగ్లండు నుంచి స్కాట్లండు దాకా ప్రయాణించి దాని మీద పుస్తకం రాశాడు. అతని దారిన నడిచినవారంతా చేరి 1907లో బ్రిటన్‌లో కారవాన్ క్లబ్బు స్థాపించారు. అదే సంవత్సరం ఆగస్టులో ఇక్కడి ఉక్కు కర్మాగారాన్ని నిర్మించిన టాటా కంపెనీ బొంబాయిలో రిజిస్టరయింది. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. తారీఖులు కలిస్తే ముచ్చట పడడం నా బలహీనత.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. కాశీ, గయ, ప్రయాగ యాత్రలకు మన జిల్లాల నుంచి బయలుదేరే బస్సులను తలచుకోండి. బస్సు నెత్తిమీద బియ్యం బస్తాలు, గుండిగలు, వెంట వంటవాళ్ళు. ఏ చెట్టు కింద ఆగితే అక్కడే పప్పు, చారు, మజ్జిగ. మూడు వారాలపాటు ముప్పై నలభైమందికి ఆ బస్సే ఊరు. అటువంటి వాహనాల చట్రాలకు పుట్టినిల్లు కూడా జంషెడ్‌పూరే. ఇక్కడి టెల్కో కర్మాగారం నుంచి తొలి టాటా-బెంజ్ లారీ 1954లో బయటికి వచ్చింది. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యటనకు ప్రత్యేక విధానమే ప్రకటించింది. మా ప్రాంతంలో అంతటి హంగులు లేవు. వ్యాను ఒకటి అద్దెకు తీసుకుని, వెనుక సీట్లు ఊడదీయించి, చెక్కబల్లలు పరిపించుకుంటే అదే మన కారవాన్.

ఎండ కాసినంతకాలం ఈ ఇల్లు స్వర్గం. వాన పడిందా, దాని గుణగణాలన్నీ బయటపడతాయి.

చలికాలంలో వాన ఎక్కడిదని దక్షిణాది బంధువులు నన్ను అడుగుతుంటారు. ఛోటానాగపూర్ పీఠభూమికి ఆ వాన రెండు దిక్కుల నుంచి వస్తుంది. ఒకటి మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టి, ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌ల మీదుగా వేల మైళ్ళు నడచి వచ్చే పశ్చిమ వాయువిక్షోభం. హిమాలయాల మీద మంచు కురిపించి, మిగిలిన తడిని మైదానాల మీద చల్లిపోతుంది. రెండవది మన బంగాళాఖాతం. డిసెంబరు తుపాను తెలుగు తీరాన్ని తాకి బలహీనపడినా, దాని మబ్బులు ఈశాన్యంగా ఒడిశా దాటి మా దాకా వస్తాయి. 2018 డిసెంబరులో 'ఫెథాయ్' తుపాను అలాగే వచ్చింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన 'మిచౌంగ్' తుపాను తరువాతా జార్ఖండ్‌లో వానలు పడ్డాయి.

ఫెథాయ్ వచ్చినప్పుడు మేము బండిలో ఉన్నాము. మేమంటే నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, విజయనగరం నుంచి మనుమలను చూడవచ్చిన మా అత్తగారు. డిసెంబరు 16 ఆదివారం బయలుదేరి, ఘాట్‌శిలా చేరి, 'పథేర్ పాంచాలీ' నవలాకారుడు విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నివసించి 1950లో కన్నుమూసిన ఇల్లు చూసుకుని, మరునాడు కొండల నడుమ ఉన్న బురుడీ చెరువుకు వెళ్ళాము. ఆ సోమవారం మధ్యాహ్నం తూర్పు గోదావరి జిల్లా కాట్రేనికోన దగ్గర తుపాను తీరాన్ని దాటింది. విజయనగరం నుంచి మా మరిది ఫోను చేసి అక్కడి గాలి హోరు వినిపించాడు. ఇక్కడ గాలి లేదు. సన్నని వాన, ఆగకుండా, చప్పుడు చేయకుండా, జల్లెడ పట్టినట్లు కురుస్తూనే ఉంది.

మా డ్రైవరు యాభై ఏళ్ళు దాటిన మనిషి, ఈ ప్రాంతంవాడే. చీకటి పడకముందే ఆయన రెండు నిర్ణయాలు తీసుకున్నాడు. మొదటిది, ఆ రాత్రి కదలకపోవడం. తడిసిన ఎర్రమట్టి మీద బండి చక్రం సబ్బు మీద కాలు పెట్టినట్లే జారుతుంది. కొండదారిలో వానచీకటిలో ఇల్లు చేరాలని తొందరపడేవారికంటే మజిలీలో తడిసినవారే క్షేమంగా ఇల్లు చేరతారని ఆయన సిద్ధాంతం. రెండవది, చెరువు గట్టున గాని, చెట్ల కింద గాని ఆగకపోవడం. సాలచెట్టు కింద నిలిపితే వాన వెలిసిన తరువాత కూడా గంటల తరబడి బండి మీద చుక్కలు రాలుతూనే ఉంటాయి, కొమ్మలు విరిగే ప్రమాదం వేరు. ఆయన ఒక సంతాల్ పల్లె అంచున ఎత్తైన కళ్ళం చూసి, ఆ ఇంటివారిని అడిగి, బండిని ముందుభాగం రోడ్డువైపు ఉండేట్లు నిలిపాడు. వెనుకచక్రాల కింద రాళ్ళు పెట్టాడు. సోహ్రాయ్ పండుగకు అలికి రంగులు దిద్దిన ఆ ఇంటి గోడలు వాన మసకలో కూడా కన్నుల పండువుగా ఉన్నాయి.

పది డిగ్రీల పొడిచలిని రెండు దుప్పట్లతో ఎవరైనా భరించగలరు. పదిహేను డిగ్రీల తడిచలి ఎముకలు కొరుకుతుంది. కారణం సులభం. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా శరీరంలోని వేడిని లాగేసుకుంటుంది. తడిసిన ఉన్ని స్వెటరు ఇంకా కొంత కాపాడుతుంది గాని, తడిసిన నూలు బట్ట చలికి తోడుదొంగ అవుతుంది. కనుక బండి ఎక్కేముందే తడిబట్టలు మార్చాలి. తలుపు దగ్గరే చెప్పులు, గొడుగులు వదలాలి. ఒక జత పొడిబట్టలు, పొడి మేజోళ్ళు పడుకునే వేళకే కేటాయించి ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచాలి. మా ఆవిడ ఈ నియమాలను సైనికాధికారివలె అమలు జరిపింది. పిల్లలు గొణిగారు. ఎనిమిది గంటలకు వాళ్ళ పాదాలు వెచ్చగా ఉన్నాయి.

ఇంతలో డ్రైవరు ఆ ఇంటి గృహిణిని అడిగి నాలుగు మోపుల వరిగడ్డి తెచ్చాడు. డిసెంబరు మాసం కదా, కోతలు అయిపోయి ప్రతి ఇంటిలోనూ కొత్త గడ్డి. దానిని చెక్కబల్లల మీద జానెడు మందాన పరచి, పైన జంపఖానా, ఆపైన బొంతలు వేశాడు. గడ్డి నడుమ చిక్కుకున్న గాలి చలిని కిందనుంచి రానీయదు. మేము పైన కప్పుకునే దుప్పట్లనే లెక్కపెడతాము గాని, బండిలో చలి ఎక్కువగా వచ్చేది కిందనుంచే. చక్రాల మధ్య ఖాళీలో గాలి ఆడుతూ నేల రేకును మంచుగడ్డ చేస్తుంది. ఈ సంగతి ఇక్కడి రైతుకూలీలకు తరతరాలుగా తెలుసు. మా అత్తగారు మొదట గడ్డి మీద పడకేమిటని మొహం చిట్లించారు గాని, పడుకున్న అయిదు నిమిషాలకు, "విజయనగరంలో పరుపు కూడా ఇంత వెచ్చగా ఉండదర్రా" అన్నారు.

కుంపటి ప్రసక్తి వచ్చింది ఆ తరువాతనే. ఇక్కడివాళ్ళు చలికాలంలో 'బోర్సీ' అనే మట్టికుంపటిలో బొగ్గులు, పిడకలు కాల్చుకుని చుట్టూ కూర్చుంటారు. ఆ ఇంటివారు దయతో ఒకటి రాజేసి ఇచ్చారు. చిన్నవాడు తుమ్మాడు. మా అత్తగారు, "బాబూ, ఆ కుంపటి లోపల పెట్టించండి. తలుపులు మూసేస్తే గంటలో బండంతా వెచ్చబడుతుంది" అన్నారు.

నేను జవాబు చెప్పేలోపే డ్రైవరు చేతులు జోడించాడు. "మాతాజీ, కుంపటి లోపలికి వస్తే నేను బయటే కూర్చుంటాను. మిమ్మల్ని కూడా పడుకోనివ్వను" అన్నాడు.

ఆమె నొచ్చుకున్నారు. ఆమె మాటలో అనుభవం లేకపోలేదు. ఆమె బాలింతగా పడుకున్న గదిలో కుంపటి ఉండేది, ఆమె తల్లి గదిలోనూ ఉండేది. కాని ఆ గది పెంకుటింటిది. పెంకుల సందున, దూలాల పక్కన, తలుపు కింద గాలికి నూరు దారులు. ఈ బండి రేకుడబ్బా. అద్దాలు బిగిస్తే గాలి బయటికి పోయే దారి ఉండదు. మూసిన చోట బొగ్గు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటే రెండువందల రెట్లకు పైగా బలంగా దీనిని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, ఆపైన మగత. మెలకువగా ఉన్నవాడు బయటికి పరుగెత్తగలడు. నిద్రలో ఉన్నవాడికి ఆ హెచ్చరిక కూడా అందదు. ప్రతి చలికాలం ఉత్తరాది పత్రికలలో, మూసిన గదిలో కుంపటి పెట్టుకుని నిద్రించిన కుటుంబం తెల్లవారి లేవలేదన్న వార్త చదువుతూనే ఉన్నాము. గ్యాస్ స్టౌ వెలిగించి ఉంచినా, ఇంజను నడుస్తుండగా అద్దాలు బిగించి నిద్రపోయినా అదే ప్రమాదం పొంచి ఉంటుంది. పైగా మా కింద పరచినది ఎండుగడ్డి. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇదంతా నేను తెలుగులో వివరించాను. అత్తగారు కాసేపు మౌనంగా ఉండి, "అయితే ఆ నిప్పును ఊరికే పోనీయకండి, నీళ్ళు కాయండి" అన్నారు. బండి పక్కన టార్పాలిన్ కట్టి, దాని కింద మూడువైపులా గాలి ఆడేట్లు కుంపటి పెట్టించి, స్టీలు సీసాలలో వేడినీళ్ళు నింపి, తువ్వాళ్ళు చుట్టి, పిల్లల కాళ్ళ దగ్గర ఒక్కొక్కటి పెట్టారు. మిరియాల చారు కూడా కాచారు. ఆ చారు తాగిన డ్రైవరు అప్పటినుంచి ఆమెను వదినగారిలా గౌరవించాడు.

చక్రాల ఇంటిలో వాన బయటనే కాదు, లోపల కూడా కురుస్తుందని అర్ధరాత్రి తెలిసింది. నిద్రపోయే మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా రాత్రికి సుమారు పావులీటరు తేమ వదులుతాడు. ఆరుగురం అంటే లీటరున్నర. అది చల్లని రేకు కప్పుకు తగిలి నీరై, బొట్లు బొట్లుగా మొహాల మీద పడుతుంది. చలికి భయపడి అద్దాలన్నీ మూసేస్తే పక్కలు తడుస్తాయి, పక్కలు తడిస్తే చలి రెట్టింపవుతుంది. డ్రైవరు లేచి ఎదురెదురుగా ఉన్న రెండు అద్దాలను రెండేసి వేళ్ళ వెడల్పున జరిపాడు. సన్నని గాలి తగిలింది. అరగంటలో చుక్కలు ఆగాయి. తడిబట్టలు లోపల ఆరవేయరాదన్న నియమానికి కూడా మూలం ఇదే.

దల్మా ప్రాంతంలో ఇటువంటి రాత్రి గడపవలసివస్తే ఇంకొక జాగ్రత్త అవసరం. అక్కడి అడవి ఏనుగులకు అభయారణ్యం. వరిపంట ఇళ్ళకు చేరే రోజులలో ధాన్యం కోసం, నాటు హండియా వాసనకు ఏనుగులు పల్లెలలోకి దిగుతాయి. ఒంటరిగా అడవి అంచున బండి ఆపడం సాహసం అనిపించుకోదు. జనం ఉన్న పల్లెలో, వాళ్ళ అనుమతితో ఆగడమే మర్యాద, రక్షణ కూడా.

మంగళవారమంతా వాన. పిల్లలు పేకాట నేర్చుకున్నారు. నేను అనువాదానికి తెచ్చుకున్న నవలలో నాలుగు పుటలు పూర్తి చేశాను. బుధవారం ఉదయం మబ్బు విడిచింది. అందరూ చలి పోయిందని సంబరపడుతుంటే డ్రైవరు ఒక్కడే తల ఊపాడు. మబ్బు భూమికి దుప్పటి వంటిది. ఉన్నంతసేపు పగటి వేడిని రాత్రి పైకి పోనీయదు. అది తొలగి, వాయవ్యం నుంచి పొడిగాలి వీచిందంటే అసలు చలి అప్పుడు మొదలవుతుంది. అందుకని ఆయన మమ్మల్ని వెంటనే బయలుదేరనీయలేదు. ఎండ మధ్యాహ్నానికి చేరేదాకా బొంతలు, జంపఖానాలు, స్వెటర్లు అన్నీ ఆ కళ్ళం మీద పరిపించాడు. తడిసిన గడ్డిని వేరుచేసి, పొడిది మోపులు కట్టి ఆ ఇంటివారికి తిరిగి ఇచ్చాడు. గృహిణి అందులో ఒక మోపు మళ్ళీ మా బండిలోనే పెట్టించింది. మా అత్తగారికి సంతాలీ రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా మిరియాల పొట్లం ఒకటి చేతులు మారింది. ఆ రాత్రి గాలూడీ దాటిన తరువాత ఒక పెట్రోలు బంకు ఆవరణలో బండి ఆపినప్పుడు, అద్దాలు రెండు వేళ్ళ వెడల్పున తెరిచింది అత్తగారే.