మంచువాలున మర్యాద

గడచిన సంక్రాంతి సెలవులలో మేము సకుటుంబముగా కాశ్మీరమునకు బోయి, ఇంటిముందర భోగిమంట వేసికొనవలసిన ఉదయమున గుల్మార్గులో మోకాలిలోతు మంచున నిలుచుండి చేతులు నలుపుకొనుచుంటిమి. గొప్ప చెప్పుకొనుటకై యీ మాట వ్రాయుట లేదు. ఈ కాలమున సెలవు దొరకిన తెనుగువారిలో పలువు రా దారినే పట్టుచున్నారు. టాంగ్‌మార్గునుండి గుల్మార్గునకు 13 కిలోమీటర్లు. చక్రములకు ఇనుపగొలుసులు చుట్టిన బండి గాని ఆ మంచులో ఎక్కలేదు. మే మెక్కిన బండిలో ముందు గుంటూరువారును, వెనుక కరీంనగరమువారును ఉండిరి. దిగిన పిమ్మట అద్దెకోట్ల దుకాణమునను, రబ్బరు బూట్ల దుకాణమునను మన భాషయే వినబడెను. చీరపై కోటును, కోటుపై శాలువయు, కాళ్ళకు మోకాళ్ళదాక బూట్లును తొడిగికొని మా అక్కగారు రెండడుగులు వేసి, "ఒరే, వరిచేలో నాట్లకు దిగినట్టున్నదిరా" అనిరి. ఆ పర్వతమును గూర్చి ఆ దినమున మేము విన్న మాటలలో అదియే మేలైనది.

తీగబండి యెక్కుటకు నిలిచిన జనమును జూచి మేము మొదట వెనుకాడితిమి. టిక్కెట్టును నెల ముందే ఇంటనుండి చేతిఫోనులో కొనియుంటిమి గాని, టిక్కెట్టు ఒకటి, బండి యెక్కుట మరియొకటి. తిరుమలలో గంటలకొలది ఓపికతో కూర్చుండు జనమే అచ్చటను ఉన్నది. అయితే తిరుమలలో ఇరుప్రక్కల ఇనుపకమ్ములు కలవు. ఇచ్చట కమ్ము లెచ్చట ముగిసెనో వరుసయు అచ్చటనే ముగిసెను. ఆ గుంపులో స్కీలు మోసికొని వచ్చిన యువకులును ఉండిరి. వారును నిర్దోషులని మేము చెప్పజాలము. ఇంచుమించు మనిషియెత్తు పట్టెలను భుజముపై అడ్డముగా వేసికొని, ఎవరో పిలిచిరని యొకడు చటుక్కున వెనుదిరుగగా వాని స్కీల కొనలు మా కోతిటోపీని ఎగురగొట్టినవి. గుంపులో స్కీలను నిలువుగా, ఒంటికి దగ్గరగా పట్టుకొనవలెనని వానికి నేర్పినవారు లేకపోలేదు, వాడు మరచెను. మేము వానిని తిట్టితిమి. ఆ తిట్టిన నోటితోనే కొంతసేపటికి ఊరకుండవలసి వచ్చునని అప్పుడు మాకు తెలియదు.

గుల్మార్గు సముద్రమట్టమునకు సుమారు 2,650 మీటర్ల యెత్తున నున్న పచ్చికమైదానము. వేసవిలో పూలు, శీతకాలమున మంచు. ఆంగ్లేయ సైనికాధికారులు అచ్చట 1927లో స్కీ క్లబ్బును స్థాపించిరి. స్వాతంత్ర్యానంతరము 1968లో భారతప్రభుత్వము స్కీయింగును, పర్వతారోహణమును నేర్పు పాఠశాలను పెట్టినది. ఆ పాతకాలమున జారదలచినవాడు స్కీలను మోసికొని ఎక్కవలసియుండెను. ఎక్కుటకు ఓపిక లేనివాడు ఎత్తైన వాలులను క్రిందినుండి చూచి పోయెడివాడు. 1998లో తీగబండి మొదటి అంచె కొంగ్‌దూరి వరకును, 2005లో రెండవ అంచె అఫర్వత్ కొండ భుజముపైకి, అనగా ఇంచుమించు 4,000 మీటర్ల యెత్తునకును ఏర్పడిన పిమ్మట ఆ భేదము పోయినది. జారువాడును, చూడవచ్చినవాడును ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చుండి ఒకేచోట దిగుచున్నారు. దీనిని మేము తప్పుపట్టము. మోకాళ్ళనొప్పులతో బాధపడు మా అక్కగారు హిమాలయమును కనులార జూచుట ఆ తీగ చలువయే గదా! కాని ఒకే వాలుపై ఇద్దరకు రెండు వేర్వేరు పనులున్నప్పుడు ఒకరి పని యింకొకరికి తెలియకున్న ఏమగునో మేము చెప్పదలచినది అదియే.

కొంగ్‌దూరిలో దిగినపిదప మా మేనల్లుడు, "మామయ్యా, ఇంకొంచెము పైకి పోయి బొమ్మ తీసికొందము" అనెను. ప్రక్కనున్న మంచు మెత్తగా నుండుటచే కాలు తొడవరకు దిగబడుచుండెను. నడుమ మాత్రము గట్టిగా నొక్కిన వెడల్పైన బాట నున్నగా పైకి పోవుచుండెను. ఇంత చక్కని బాటను యాత్రికుల సౌకర్యమునకే వేసియుంచిరని మేము సంతోషించితిమి. ఆ నడుమనే ఎక్కి, ఒక చిన్న మిట్ట క్రింద, వెనుక ఆకాశమును దేవదారువనమును బొమ్మలో పడునట్లు పిల్లవానిని నిలిపి, "కొంచెము ఎడమకు, ఇంకొంచెము" అని మేము చేయి చూపుచుండగా, మిట్టపైనుండి పదునారేండ్ల కాశ్మీరబాలు డొకడు బాణమువలె వచ్చెను. మమ్ము జూచిన క్షణముననే వాడు స్కీలను అడ్డము త్రిప్పెను. ఆ త్రిప్పుటలో ఒక స్కీ మే మంతకుముందు వేసిన బూటుగుంటలో తగులుకొనెను. వాడు రెండు పొర్లులు పొర్లి మాకు పది గజముల క్రింద నిలిచెను. స్కీ యొకటి ఊడి వేరొకదిక్కునకు జారిపోయెను.

మా మేనల్లునికి గోరంత గాయమైనను లేదు. బాలుడు లేచి కూర్చుండి కుడిమోకాలిని రెండుచేతులతో పట్టుకొనెను. మాతో వచ్చిన పెద్దమనిషి యొకరు ముందుకు బోయి, "కండ్లు కనబడుట లేదా? మనుషులు నిలుచుండిన చోటనా ఆటలు?" అని హిందీలో వానిని గద్దించిరి. మేము వారింపలేదు. బాలుడు బదులు చెప్పలేదు. "వీరికిది అలవాటేలెండి" అని యెవరో అనిరి. క్రిందికి బోవు బండికి జనము పెరుగుచున్నదని మరియెవరో అనిరి. మేము ఒక్క "సారీ" వానివైపు విసరి దిగిపోతిమి. వెనుదిరిగి చూచినప్పుడు వాడింకను కూర్చుండియే యుండెను.

ఆ రాత్రి మేము బసచేసిన యింట బుఖారీ చుట్టు కూర్చుండి కహ్వా త్రాగుచుండగా యజమానునకు బంధువైన వృద్ధుడొకరు వచ్చిరి. ముప్పది యేండ్లుగా పిల్లలకు స్కీయింగు నేర్పినవారట. మాటలో మాటగా, తమ శిష్యుడొకడు మధ్యాహ్నము పడి మోకాలు వాచినదనియు, ఫిబ్రవరి పందెములకు వాడు పోవునో లేదో తెలియదనియు చెప్పిరి. ఎట్లు పడెనని మా అక్కగారు అడిగిరి. ఆమెకు నిజముగా తెలియదు. మేము కప్పులోనికి చూచుచుంటిమి.

ఆయన కోపముతో చెప్పలేదు. పాఠము చెప్పినట్లు చెప్పిరి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో పది నియమములను ఏర్పరచినదట. ఆల్ప్సు పర్వతదేశములలో ఇద్దరు ఢీకొని తగవు వచ్చినప్పుడు న్యాయస్థానములు సైతము వానినే కొలబద్దగా గైకొనుచున్నవట. ఆయన చెప్పినదానిలో మాకు ముఖ్యముగా తోచిన దిది. క్రిందనున్నవానికి వీపున కన్నులు లేవు. పైనుండి వచ్చువానికి ముఖమున కన్నులున్నవి. కావున ముందుపోవువానికి హాని కలుగకుండ దారి నెంచుకొను బాధ్యత వెనుకవచ్చువానిదే. ముందువాడు ఎంత చేతకానివాడైనను, అడ్డదిడ్డముగా తిరుగువాడైనను సరే. దాటిపోవునప్పుడు వాడు తలచినట్లు తిరుగుటకు చోటు విడిచి దాటవలెను. చూపు ఎంతదూరము ఆనునో అంతలో ఆగగల వేగముననే రావలెను. ఇంత చేతనున్నవానికి ఇంత బరువని, బలమును బట్టి ధర్మమును పంచిన పద్ధతి యిది. మన రాజమార్గములలో దీనికి తలక్రిందులుగా నడచుచున్నదని మేము వేరుగ చెప్పనక్కరలేదు. పెద్దబండికి చిన్నబండి, చిన్నబండికి కాలినడకవాడు తప్పుకొనవలెను.

అంతటితో నియమములు ముగియలేదు. ఇరుకుచోటనైనను, పైనుండి కనబడనిచోటనైనను ఆగరాదు. పడినవాడు సైతము వీలైనంత త్వరగా తొలగవలెను. కాలినడకను ఎక్కువాడును దిగువాడును బాట అంచుననే పోవలెను. "ఎందుకో తెలియునా, జనాబ్?" అని ఆయన మావైపు చూచిరి. "అడ్డము వచ్చుటచేత మాత్రమే కాదు. రాత్రి యంత్రము నొక్కిన మంచులో బూటు దిగినచోట గుంట యగును. చలికి ఆ గుంట రాయివలె గడ్డకట్టును. నడచినవాడు ఇంటికి పోవును, గుంట ఉండిపోవును." పాదమంతటి గుంట ఒకరి మోకాలిని త్రిప్పివేయగలదని మేము మధ్యాహ్నమే కన్నులార చూచియుంటిమి గాని, చూచినది తెలిసికొనుట అప్పుడే.

గుర్తులను, త్రాళ్ళను దాటరాదను నియమమువద్ద ఆయన కొంతసేపు ఆగిరి. గుల్మార్గు పైవాలులలో హిమపాతముల పాలై 2023 ఫిబ్రవరిలో పోలండువారిద్దరును, 2024 ఫిబ్రవరిలో రష్యా దేశీయుడొకడును మరణించిరి. వారు స్కీవిద్య యెరిగినవారు. ఆ వాలులవైపు మా గుంపులోని యువకులు బొమ్మలకొరకు పరుగెత్తుట మేము ఆనాడే చూచితిమి. ఇక తొమ్మిదవ నియమము, ప్రమాదమైనచోట తప్పెవరిదైనను ఆగి సాయపడుట. పదవది, కారకుడైనను సాక్షియైనను తన పేరు చెప్పి పోవుట.

అక్కగారు, "అయితే ఆ యాత్రికులదే తప్పా?" అని అడిగిరి. ఆయన తల యడ్డముగా ఆడించిరి. "సగము మావానిదే. మిట్ట యవతల ఏమున్నదో తెలియనప్పుడు నెమ్మదింపవలెను. ఆ మాట వానికి నూరుమారులు చెప్పితిని." ఈ మాట మాకు ఊరట కలిగించినది. ఆ ఊరట కలిగినందులకే ఆ రాత్రి నిదుర పట్టలేదు. పదియారేండ్లవాని సగము తప్పును చాటుచేసికొని మా సగమును దాచిపెట్టుటకు మనస్సు ఎంత వేగముగా పూనుకొన్నది!

నిదురరాని ఆ వేళ పగటి సంగతు లొక్కొక్కటిగా తోచినవి. కర్రబల్లపై మమ్ము కూర్చుండబెట్టి త్రాటితో ఎగువకు లాగుకొని పోయిన మనిషిని గూర్చి చెప్పవలెను. వయస్సున మాకంటె పెద్ద. ఫెరన్ లోపల నిప్పుకుంపటి దాచుకొనియు చేతులు వణకుచుండెను. ఒప్పుకొన్న సొమ్ములో యాబదిరూపాయలు తగ్గింపుమని మేము చివర బేరమాడితిమి, ఆయన ఊరకొనెను. బేరము తప్పని మే మనము. లాగించుకొన్న పిదప ఆడిన బేరము తప్పు. మా గుంపువారు తినిపారవేసిన పొట్లములు మంచులో అక్కడక్కడ మెరయుచుండెను. వానిని రాత్రి మంచు కప్పును, వసంతమున పచ్చిక బయట పెట్టును. వీని యన్నిటి వెనుక ఒకే భావము కనబడినది. సొమ్మిచ్చి టిక్కెట్టు కొంటిమి గనుక కొండయు కొన్నాము, బాటయు కొన్నాము, ఎదుట పడినవారందరు మా వినోదమునకు ఏర్పడినవారే యని. మనవారు అణకువ లేనివారు కారు. గుడిలో చెప్పులు బయట విడుచుట ఎవరును నేర్పకయే ఎరుగుదురు. కాని అచ్చట చెప్పులు విడుచుట ఎందులకో చిన్ననాటనే తల్లి చెప్పినది. మంచుబాట నడుమ నడవగూడదని ఏ తల్లియు చెప్పియుండదు. అద్దెబూట్లిచ్చు దుకాణమున రెండువాక్యములు తెనుగున వ్రాసి గోడకు అతికించిన చాలును. అచ్చట నిలుచున్నంతసేపు చదువుటకు వేరేమియు లేదు.

తెల్లవారిన పిదప అక్కగారితో మాత్రము జరిగినది చెప్పితిమి. ఆమె యేమియు ననలేదు. శాలువ తీసికొని, "నడువు, నేనును వత్తును" అనిరి.

ఆ వృద్ధుడు క్రింది మైదానపు చిన్నవాలుపై పసిపిల్లలకు నిలుచుట నేర్పుచుండిరి. పిల్లలు స్కీల ముక్కులు దగ్గరచేసి, మడమలు దూరముచేసి, నాగలికొన ఆకారమున ఒక్కొక్కరుగా దిగుచుండిరి. మేము సమీపించి, నిన్న మిట్ట క్రింద నిలిచినది మేమే యని చెప్పితిమి. ఆయన కొంతసేపు మమ్మును చూచి, "రాత్రియే అనుకొంటిని" అనిరి. బాలుని ఉదయముననే శ్రీనగరమునకు మోకాలు చూపించుటకు తీసికొనిపోయిరట. వైద్యపు ఖర్చు మే మిచ్చెదమనగా, వాని తండ్రిని అడిగి చెప్పెద ననిరి. పేరు, ఊరు, ఫోను సంఖ్య కాగితముపై వ్రాసి యిచ్చితిమి. ఆయన కాగితమును దూరముగా పట్టి, మా యింటిపేరుతో కూడిన పొడుగుపేరును రెండుమారులు పలుకజూచి, పలుకలేక, నవ్విరి. అక్కగారు ఒక్కొక్క అక్షరముగా విడదీసి చెప్పుచుండిరి. మూడవమారు సగమువరకు వచ్చి ఆయన చటుక్కున ఆగి, మా భుజముపై చేయి వేసి, "జనాబ్, కొంచెము ప్రక్కకు" అనిరి. పైనుండి పిల్ల యొకతె వచ్చుచుండెను. మేము మరల బాట నడుమ నిలిచియుంటిమి.