మేల్కొలిపే అనుమతి

కొన్ని వారాలుగా సుక్మాలో ఉండి రాస్తున్నాను. ఈ వ్యాసం ముందుగా ఒక చిన్న సాంకేతిక సమస్య గురించి, ఆ తర్వాత ఎప్పటిలాగే రాజకీయాల గురించి. మొదటిది లేకుండా రెండోది నాకు ఇంత తేటగా కనిపించేది కాదు గనుక పాఠకులు కాస్త ఓపిక పట్టాలి.

నేనున్న అద్దె గదిలో బల్ల ఇరుకు. కోర్టు తీర్పులు, పాత పత్రికల క్లిప్పింగులు, రాస్తున్న వార్త పక్కపక్కనే కనిపించాలంటే ల్యాప్‌టాప్ తెర చాలదు. అందుకని ల్యాప్‌టాప్‌ను మూసి గోడవారగా ఉంచి, దానికి ఒక పెద్ద మానిటర్, విడి కీబోర్డు తగిలించి పనిచేస్తున్నాను. కరెంటు ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. పోయి, నాలుగైదు నిమిషాల్లో తిరిగి వచ్చినప్పుడే చిక్కు. ఫ్యాను తిరుగుతుంది, ఛార్జరు దీపం వెలుగుతుంది, మానిటర్ మాత్రం సిగ్నల్ లేదని ఒకసారి చూపి నల్లబడిపోతుంది. కీబోర్డులో ఏ మీట నొక్కినా చలనం ఉండదు. ఒక సాయంత్రం కుంట నుంచి ఒక స్థానిక విలేకరి పంపిన పత్రాలు, ఫోటోలు పరిశీలిస్తూ, రాత్రి ఎనిమిదికల్లా పంపవలసిన వార్త సగంలో ఉండగా ఇదే జరిగింది. మూత తెరిస్తే రాసినదంతా భద్రంగానే ఉంది. యంత్రం చెడలేదు, తెరా చెడలేదు. మరి లోపం ఎక్కడ?

మూత మూస్తే ఏం చేయాలన్న విషయంలో ల్యాప్‌టాప్‌కు ఒకటి కాదు, రెండు ఆదేశాలుంటాయి. ఛార్జరు ఉన్నప్పుడు ఒకటి, బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు మరొకటి. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఛార్జరు ఉన్నప్పుడు ‘ఏమీ చేయవద్దు’ అని, బ్యాటరీ మీద ‘నిద్రపో’ అని ఉంటే కరెంటు పోయిన క్షణంలో రెండో ఆదేశం అమల్లోకి వస్తుంది. అదే క్షణంలో సొంత బ్యాటరీ లేని మానిటర్ ఆరిపోతుంది. మూత మూసి ఉంది, బయటి తెరా లేదు. ఇక చూసేవాళ్ళెవరూ లేరని యంత్రం నిద్రలోకి జారుకుంటుంది. కరెంటు తిరిగి వచ్చాక మానిటర్ సిగ్నల్ కోసం కాసేపు వెతికి, దొరకక తానూ నిద్రపోతుంది. తెర మేల్కొంటే లేద్దామని ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్ లేస్తే మేల్కొందామని తెర!

ఇద్దరినీ లేపవలసింది కీబోర్డు. దానికి రెండు అడ్డంకులు. ఒకటి, కంప్యూటర్‌ను నిద్ర లేపే అనుమతి ఆ పరికరానికి విడిగా ఉండాలి. డివైస్ మేనేజర్‌లో కీబోర్డు పేరు మీద చాలా యంత్రాల్లో ఒక చిన్న గడి ఉంటుంది. అందులో టిక్కు లేకపోతే ఎంత గట్టిగా మీట నొక్కినా అది మేల్కొలుపుగా లెక్కకు రాదు. రెండోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. బల్ల మీద తీగలు తగ్గుతాయని కీబోర్డును మానిటర్ వెనుక ఉన్న యూఎస్‌బీ పోర్టుకు తగిలిస్తారు. మానిటర్లలో ఆ సదుపాయం ఇచ్చేదే అందుకు. అయితే గాఢనిద్రలోకి వెళ్ళిన మానిటర్ చాలాసార్లు ఆ పోర్టుకు కూడా విద్యుత్తు ఆపేస్తుంది. లేపవలసినవాడికి ప్రాణం నిద్రపోయినవాడి చేతుల్లోంచి రావాలి! నిద్రపోయిన తెర గుండా వెళితే తప్ప అతడి పిలుపు లోపలికి చేరదు.

ఇదే చిక్కు మీకూ ఉంటే చికిత్స కష్టమేమీ కాదు. కీబోర్డును నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించండి. నిద్ర లేపే అనుమతి ఇవ్వండి. మానిటర్ మెనూలో ‘డీప్ స్లీప్’ అన్నది ఉంటే ఆపేయండి. మూత విషయంలో బ్యాటరీ ఆదేశాన్ని కూడా ‘ఏమీ చేయవద్దు’గా మార్చండి. అలా మార్చాక మూత వేసినంత మాత్రాన ల్యాప్‌టాప్ నిద్రపోదు గనుక సంచిలో పెట్టేముందు ఆపివేయడం మరవకండి, లేకుంటే వేడెక్కుతుంది. వీలైతే మానిటర్‌ను యూపీఎస్‌కు కలపండి. నా గదిలో ఆ రాత్రి నుంచి తెర మళ్ళీ మొరాయించలేదు.

కుంట నుంచి వచ్చిన ఆ పత్రాల సంగతి మాత్రం అంత తేలికగా తెమలలేదు. వాటిలోని విషయాన్ని ఆ విలేకరి అంతకు ముందే తన పత్రికకు రెండుసార్లు పంపాడు. రెండుసార్లూ జిల్లా పేజీ దాటలేదు. నేను అడిగినప్పుడు మాత్రం ఢిల్లీలో ఒక సంపాదకుడు పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. వార్త అదే, ఆధారాలు అవే. మీట నొక్కిన చేయి మారింది.

సుక్మా 2012లో దంతెవాడ నుంచి విడివడి జిల్లా అయింది. దేశం ఈ ప్రాంతం వైపు ఎప్పుడెప్పుడు మేల్కొందో చూడండి. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మంది భద్రతా సిబ్బంది మరణించినప్పుడు, 2012లో కలెక్టర్ అలెక్స్ పాల్ మేనన్‌ను మావోయిస్టులు అపహరించినప్పుడు, 2017 ఏప్రిల్‌లో బుర్కాపాల్‌లో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయినప్పుడు. శవాల సంఖ్యకో, పెద్ద అధికారి పేరుకో మాత్రమే ఇక్కడ మేల్కొలిపే అనుమతి ఉంది. రేషన్, రోడ్డు, ఇసుక, పాఠశాల గురించి ఇక్కడి విలేకరులు ఏటా వందల సార్లు మీట నొక్కుతూనే ఉంటారు.

వాళ్ళు చేసే పని ఎంతటిదో 2021 ఏప్రిల్‌లో చూశాం. సుక్మా, బీజాపూర్ సరిహద్దులో 22 మంది సిబ్బంది మరణించిన కాల్పుల తర్వాత బందీగా చిక్కిన జవాను రాకేశ్వర్ సింగ్ మన్హాస్‌ను అడవి నుంచి వెనక్కి తెచ్చిన బృందంలో స్థానిక విలేకరులున్నారు. వారిలో ఒకడు ముకేశ్ చంద్రాకర్. బీజాపూర్ జిల్లాలో ఒక రోడ్డు పనుల అవినీతి బయటికి వచ్చిన కొద్ది రోజులకే, 2025 జనవరిలో అతడి శవం ఒక సెప్టిక్ ట్యాంకులో దొరికింది. అప్పుడు తెర వెలిగింది. అతడు బతికుండగా పంపిన ఎన్ని వార్తలకు వెలిగింది?

అంతకు ముందు, 2024 ఆగస్టులో, కుంట దగ్గర ఇసుక రవాణాను ప్రశ్నించిన నలుగురు బస్తర్ విలేకరులను సరిహద్దు ఇవతల మన చింతూరులో గంజాయి కేసులో అరెస్టు చేశారు. గంజాయి తమ వాహనంలో ఎవరో పెట్టినదేనని వాళ్ళు చెప్పారు. ఆ తర్వాత కుంట పోలీసు అధికారి మీదే చర్య తీసుకోవలసి వచ్చింది. పాత్రికేయుల రక్షణ కోసం ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2023 మార్చిలోనే బిల్లు ఆమోదించిందన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అనుమతి గడిలో టిక్కు పెట్టినంత మాత్రాన సరిపోదు, తీగ కూడా నేరుగా ఉండాలి.

ఈ విలేకరుల్లో చాలామందికి నియామక పత్రం లేదు, నెల జీతం లేదు. ప్రకటనల మీద కమీషనే ఆదాయం. ఆ ప్రకటనలిచ్చేది తరచుగా ఏ కాంట్రాక్టరు మీద రాయాలో ఆ కాంట్రాక్టరే. జీవనాధారం నిద్రపోయిన తెర గుండానే వస్తుందంటే అర్థం ఇదే.

భద్రాచలం నుంచి కుంటకు సుమారు రెండు గంటల ప్రయాణం. అక్కడి సంతలో తెలుగు వినిపిస్తుంది. అయినా మన పత్రికలకు అది ‘సరిహద్దు వార్త’. ఢిల్లీని తప్పుపట్టే ముందు హైదరాబాద్, విజయవాడ సంపాదకులు చేయగల పనులు మూడున్నాయి. బస్తర్‌లో ఒక్కొక్క విలేకరికైనా జీతంతో కూడిన నియామక పత్రం ఇవ్వండి. అతడి వార్తను అతడి పేరుతోనే వేయండి. అతడి మీద కేసు పడిన రోజున మీ న్యాయవాదిని చింతూరుకో, సుక్మాకో పంపండి. వీటిలో ఏదీ కొత్త చట్టం కోసం ఆగవలసిన పని కాదు.